తీగకొన – మరమేకు

మా పాఠశాల వెనుక, బాలుర వసతిగృహమునకును వంటశాలకును నడుమ, ఒక చిన్న కూరగాయల తోట కలదు. క్రిందటి విద్యాసంవత్సరము క్రిస్మసు సెలవులకు పిల్లలందఱును ఇండ్లకు పోయి, పదిదినముల పిదప తిరిగివచ్చి చూచునప్పటికి, ఆ తోటలోని రెండు మళ్ల వంగనారును, ఒక మడి టమాటనారును వాడి నేలకు వ్రాలియుండెను. నీరు పోయుటకు మనుష్యుడు దొరకక కాదు. మనుష్యు డక్కఱలేదని మేమే చెప్పియుంటిమి. మన్ను ఆరినంతనే తనంతట తాను నడచి, తడిసినంతనే నిలిచిపోవు పంపు నొకదానిని మా విజ్ఞానసంఘపు పిల్లలు కట్టియుండిరి. ఆ పంపు సెలవులలో ఏనాడో నిలిచి, మఱల నడువలేదు. అందులకు కారణమైన వస్తువు చింతగింజకంటె కొంచెము పెద్దది. దానిని గూర్చి వ్రాయుటకే ఈ పుటలను అడిగి తీసికొంటిమి.

ఆ వస్తువును స్క్రూ టెర్మినల్ కనెక్టరు అందురు. ఆకుపచ్చనిదో నీలముదో యగు చిన్న ప్లాస్టిక్కు పెట్టె. క్రింద రెండుమూడు లోహపు కాళ్లు. ఎదుట తీగ దూరుటకు రంధ్రములు. పైన ఒక్కొక్క రంధ్రమునకు ఒక్కొక్క మరమేకు. కాళ్లను సర్క్యూటు పలకలో దూర్చి వెనుకప్రక్క టంకము వేసినచో అది పలకకు అంటుకొనును. తరువాత బ్యాటరీనుండి గాని, మోటారునుండి గాని వచ్చు తీగను ఎదుటి రంధ్రమున నిలిపి మరమేకు బిగించుటయే పని. పలకమీది సన్నని రాగి బాటలకును బయటి ప్రపంచమునకును అది గుమ్మము వంటిది. పిల్లలు ట్రాన్సిస్టరును గూర్చియు, రిలేను గూర్చియు ఎంతో తర్కింతురు. గుమ్మమును గూర్చి మాత్రము కొట్టువాని యెదుట నిలిచినప్పుడే తలంతురు. మేమును అంతే.

మా పలక వివరము కొంచెము చెప్పవలెను. సూర్యరశ్మిచే నిండు 12 వోల్టుల బ్యాటరీ. 60 వాట్ల చిన్న పంపు. మంటిలో పాతిన తేమకొలత కడ్డీ. కడ్డీ చెప్పినదానిని విని పంపును నడపు రిలే. అరువదిని పండ్రెండుచే భాగించినచో పంపు త్రాగు విద్యుత్తు 5 ఆంపియర్లని ఎనిమిదవ తరగతి బాలుడును చెప్పగలడు. కడ్డీ తీగలలో పాఱునది అందులో వేయవవంతు మాత్రమే. ఈ రెండు సంఖ్యలను నల్లబల్లపై ప్రక్కప్రక్కన వ్రాసియు, కనెక్టర్లు కొనునప్పుడు వానిని తలచుకొనని బుద్ధి మాది.

ఆ యేడు జూలైలో సొంతపనిమీద హైదరాబాదు పోయినప్పుడు కోఠీలోని గుజరాతీగల్లీకి వెళ్లితిమి. ఎలక్ట్రానిక్ సామానులు కొనువారందఱికిని ఆ వీధి తెలిసినదే. మా చీటీలో "కనెక్టర్లు, చిన్నవి, ఇరువది" అని మాత్రమే యుండెను. కొట్టు కుఱ్ఱవాడు "ఏ పిచ్ కావాలి సార్?" అని యడిగెను. పిచ్ అనగా ఒక కాలినుండి ప్రక్కకాలికి గల దూరము. మేము అది తెలియనట్లు కనబడుటకు సిగ్గుపడి, గాజుపెట్టెలో చూడ ముచ్చటగా నున్నవానిని చూపి "అవియే" అంటిమి. అవి 3.5 మిల్లీమీటర్లవి. ఇంటికి వచ్చి పలకపై పెట్టి చూడగా ఒక కాలు దిగినచో రెండవది దిగదు.

ఇందలి గుట్టు పలకలో నున్నది. అంగళ్లలో జీరో పీసీబీ యని అమ్ము రంధ్రముల పలకపై రంధ్రములు అంగుళమున పదియవవంతు దూరమున, అనగా 2.54 మిల్లీమీటర్ల కొకటి చొప్పున నుండును. 1959వ సంవత్సరపు ఒప్పందము చొప్పున అంగుళము సరిగా 25.4 మిల్లీమీటర్లు. కాబట్టి ఆ పలకకు 2.54 పిచ్ కనెక్టరు వరుస రంధ్రములలోను, 5.08 పిచ్ కనెక్టరు రంధ్రము విడిచి రంధ్రములోను కూర్చుండును. 3.5కును ఈ లెక్కకును పొత్తు లేదు. 3.81 అనునదియు అంగుళపు సంతతియే యైనను, ఒకటిన్నర రంధ్రము దూరముగాన ఈ పలకకు పనికిరాదు. 3.5 గాని 3.81 గాని చెడ్డవి కావు. తమ సొంతముగా పలకను గీయించుకొనువారు వానికి తగినట్లు రంధ్రములు పెట్టించుకొందురు. మేము కొన్న యిరువదియు ఇప్పటికిని ఒక గాజుసీసాలో నున్నవి.

రెండవమాఱు తెలిసిన పోస్టు అంగడినుండి 5 మిల్లీమీటర్లవి తెప్పించితిమి. 5కును 5.08కును భేదమేమని తలంచితిమి. రెండుకాళ్ల కనెక్టరు ఒక్కటియే యైనచో భేదము లేదు. నూటికి ఎనిమిదవపాలు మిల్లీమీటరును ఏ రంధ్రమైనను ఓర్చుకొనును. కాని యీ కనెక్టర్ల ప్రక్కలను గాడియు, గాడిలో దిగు పట్టెయు నుండి, ఒకదానికొకటి తగిలించి పొడవుచేయ వీలుండును. పిల్లలు ముచ్చటపడి నాలుగు జంటలను తగిలించిరి. ఎనిమిది కాళ్ల నడుమ ఏడు సందులు; ఏడు ఎనుబదులు ఐదువందల అఱువది; అనగా అరమిల్లీమీటరును మించిన తేడా. కడపటి కాళ్లు రంధ్రపు అంచున నిలిచి లోపలికి పోలేదు. వెర్నియరు కాలిపర్సు ఎందుకని పరీక్షలకు ముందు ఏటేట అడుగు పిల్లలు ఆనాడు దానికై పెనగులాడిరి. తగిలింపులు విప్పి, వేఱువేఱు జంటలుగా నిలిపి పని గడపితిమి. వేఱొక జట్టువారు కనెక్టరు ముఖమును పలక లోపలివైపునకు త్రిప్పి టంకము వేసిరి. తీగ తెచ్చి దూర్చబోవువఱకు ఆ విషయ మెవ్వరికిని తోచకపోవుట విచిత్రము.

రంగును గూర్చి అడుగకుడు. రంగునకు పనితో సంబంధము లేదు.

పెట్టె ప్రక్కను అచ్చొత్తిన అంకెలను గూర్చి మాత్రము ఒక మాట. మావానిపై 300 వోల్టులు, 10 ఆంపియర్లు అని యుండెను. అది తగిన లావు తీగను, తగిన బిగింపుతో పెట్టినప్పటి మేర. పరీక్షించు సంస్థలనుబట్టి ఒకే పెట్టెకు రెండు వేఱువేఱు అంకెలును ఉండవచ్చును. 300 అని యున్నది గదా యని ఇంటి గోడలోని 230 వోల్టుల తీగను ఈ పలకమీదికి తేవలదు. మా సంఘమున 12 వోల్టులను మించినదానిని పిల్లలు తాకరాదను కట్టడి మొదటినుండియు కలదు, దానిని ఎన్నడును సడలింపలేదు.

ఇంక అసలు కథకు వత్తుము. సెప్టెంబరు మొదటివారమున పంపు నడచినది. పంపు తీగను కనెక్టరునకు బిగించినవాడు తొమ్మిదవ తరగతి బాలుడు. పనియందు నెమ్మదియు చేతియందు నేర్పును కలవాడు. నాలుగు నెలలు నీరు పాఱినది. సెలవుల పిదప మేము పెట్టె మూత తెఱచి చూడగా, పంపు కనెక్టరు ఒకప్రక్క గోధుమవన్నెకు మాడి, మెత్తబడి వంగియుండెను. తీగను వ్రేలితో తాకగానే ఊడి చేతికి వచ్చినది. మరమేకు అసలే వదులు. వాడిన నారుమళ్లు కన్నులయెదుట నుండగా, మేము తరగతి యెదుట ఆ బాలుని నిలువబెట్టి, "మరమేకు ఒక్కటి సరిగా బిగింపలేకపోతివి, నీ యశ్రద్ధవలన ఇరువదిమంది పిల్లల శ్రమ మట్టిపాలైనది" అంటిమి. అతడు మాఱుపలుకలేదు. మఱునాటినుండి సంఘమునకు రాలేదు.

మూడవదినమున అతని తండ్రి వచ్చెను. ఆయన సమీపగ్రామములలో బోరుబావుల మోటారులు బాగుచేయు మెకానిక్కు. చేతిసంచితో వరండాలో నిలిచి, "మావాడికి ఈ సంఘం వద్దండి మాస్టరుగారూ, చదువు చదువుకుంటే చాలండి" అనెను. మేము జరిగినది చెప్పి, మాడిన కనెక్టరును, ఊడిన తీగను ఆయన చేతిలో నుంచితిమి. ఆయన కనెక్టరును చూడలేదు, తీగకొనను వెలుతురున కెత్తి పట్టి, గోటితో గీకి, "చివరకి సీసం పూశారాండి?" అని యడిగెను. అవునంటిమి. "మర కింద సీసం నిలవదండి. ఇవాళ బిగిస్తే నెలకి వదులైపోద్ది. మేం స్టార్టర్లలో ఎప్పుడూ పుయ్యమండి. రాగి రాగిలాగే ఉండాలండి." ఇంత చెప్పి, కొడుకును పిలువుమని కోరెను. బాలుడు పుస్తకము పట్టుకొని వచ్చెను. మేము అడుగకయే ఒక పుట తెఱచి బల్లపై పెట్టెను. ఆగస్టునాటి పాఠమది. "తీగ పోగులను మెలిపెట్టి, కొనకు టంకము పూసి, మరమేకు క్రింద గట్టిగా బిగింపవలెను" అని అతని గుండ్రని యక్షరములలో నుండెను. దాని క్రింద ఎఱ్ఱసిరాతో మా సంతకము.

మేము ఆ వాక్యమును ఎక్కడ నేర్చితిమని తరువాత చాలసేపు ఆలోచించితిమి. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువునాడు ప్రదర్శనపలకలకు తీగలు కట్టుట మా కెంతో ఇష్టము. టంకము పూసిన కొన విడిపోక, సూదివలె నిలిచి, రంధ్రములో ముచ్చటగా దూరును. పాఠము ముగియు ముప్పావుగంటసేపు దీపము వెలిగిన చాలును. ఆపైన పలకను విప్పి బీరువాలో పెట్టుదుము. నాలుగు నెలలు ఎండలోను మంచులోను నిలువవలసినదానికి ఆ పద్ధతి చాలదని మాకు చెప్పినవారు లేరు. మేమును అడిగినవారము కాము.

కారణము భౌతికశాస్త్రములో నున్నది. పై తరగతి పిల్లలు శ్రద్ధగా చదువుదురు గాక. లోహము కరగు ఉష్ణోగ్రతను సెంటీగ్రేడులో గాక కెల్విను మానమున చూడుడు. తగరము సీసము కలిసిన సాధారణ టంకము 183 డిగ్రీలవద్ద కరగుటకు మొదలిడును, అనగా 456 కెల్విను. మన ఊరి 30 డిగ్రీల ఎండ 303 కెల్విను. అనగా నీడలో ఊరక కూర్చున్న టంకము సహితము తాను కరగు వేడిలో మూడింట రెండువంతులకు చేరియే యున్నది. రాగి కరగునది 1085 డిగ్రీలవద్ద, అనగా 1358 కెల్విను. దానికి మన యెండ నాలుగవవంతైనను కాదు. లోహములు తమ కరగు వేడిలో సగమునకు చేరువైనచో, ఒత్తిడి క్రింద కంటికి కానరాని మెల్లని చొప్పున జాఱసాగును. బెల్లపుదిమ్మపై రోకలి నానించి మఱచిపోయినచో ఏమగునో, మరమేకు క్రింది టంకమునకు అదియే యగును. మరమేకు తిరుగదు, కదలదు. దాని క్రిందనున్నదే తగ్గిపోవును. దానికి తోడు పంపు అదురు. టంకము ఆగిన చోట తీగ బిఱుసుగానుండి, ఆ అంచుననే పోగులు విఱుగును. మా తీగలో మూడుపోగులు అట్లు తెగియుండెను.

పట్టు వదులైనపిదప వేడి మొదలగును. మంచి పట్టునందు నిరోధము నూఱవవంతు ఓమైనను ఉండదు. అది పదియవవంతు ఓమునకు పెఱిగెననుకొందము. ఐదు ఐదులు ఇరువదియైదు. అందు పదియవవంతు రెండున్నర వాట్లు. పంపునకు అరవోల్టు తగ్గును, ఆ ధ్వనిభేదమును ఎవ్వరును కనిపెట్టలేరు. కాని ఆ రెండున్నర వాట్ల వేడి అంతయు చింతగింజంత చోట నిలుచును. వేడికి టంకము మఱింత మెత్తబడును, లోహమునకు మసి పట్టును, నిరోధము మఱింత పెరుగును, దానితో వేడియు పెరుగును.

అట్లయినచో ఫ్యూజు ఎందుకు పోలేదని ఒక బాలిక అడిగెను. ఆ యేడు మా తరగతిలో అడుగబడిన ప్రశ్నలలో అంతకు మించినది మాకు జ్ఞాపకము లేదు. మేము 7.5 ఆంపియర్ల ఫ్యూజు పెట్టితిమి. ఫ్యూజు మితిమీఱిన ప్రవాహమును చూచి తెగును. వదులైన పట్టు ప్రవాహమును పెంచదు, తగ్గించును. కనుక కనెక్టరు మాడుచుండగా ఫ్యూజు తన లెక్క ప్రకారము అంతయు క్షేమమనియే యెంచుచుండెను. ఈ విషయమును పెద్దలును గమనింపవలెను; ఇంటి ప్లగ్గు వేడెక్కి నల్లబడునప్పుడు జరుగునదియు నిదియే.

ఆ తండ్రి వచ్చిన మఱునాడు విజ్ఞానశాస్త్రపు గంటలో, బాలుని పుస్తకములోని ఆ వాక్యమును తేదీతో కూడ నల్లబల్లపై వ్రాసి, అది మేము చెప్పినదనియు, అతడు చెప్పినది చెప్పినట్లు చేసెననియు, తప్పు మాదనియు తరగతికి చెప్పితిమి. ఆపైన వాక్యమును కొట్టివేసితిమి. ఇరువది యేండ్ల యుపాధ్యాయవృత్తిలో సుద్దముక్క అంత బరువైన దినము వేఱొకటి లేదు. బాలుడు తల వంచుకొనియే యుండెను. ఇతరులు తమ పుస్తకములలోను ఆ వాక్యమును వెదకి కొట్టివేసికొనిరి. ఆ చప్పుడు మాత్రము వినబడెను.

టంకము మానినచో విడిపోగుల తీగను ఎట్లు బిగించుట? ఎలక్ట్రిక్ పనివారు లగ్గు అనియు, ఫెర్రూలు అనియు పిలుచు చిన్న రాగిగొట్టము కలదు. దానికి తగరపు పూత యుండును. తొడుగు తీసిన పోగులను అందులో దూర్చి తగిన పట్టకారుతో నొక్కినచో పోగులన్నియు ఒక్కటిగా నగును, మెత్తని టంకము నడుమ నుండదు. లగ్గు దొరకనిచో పోగులను కొంచెము మెలిపెట్టి ఊరక దూర్చుటయే మేలు. ఆ తండ్రి తన సంచిలోని పట్టకారును మా బల్లపై నుంచి, "పని అయ్యాక మావాడి చేత పంపించండి" అని పోయెను. సంఘము వద్దను మాట మఱల ఎత్తలేదు.

కనెక్టరును కూడ ఈమాఱు తీగను చేతబట్టుకొని ఎంచితిమి. పంపునకు 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ. అది లగ్గుతో సహా సుఖముగా దూరవలెను. 2.54 పిచ్ పెట్టెలలో అది దూరదు. వానిని కడ్డీ తీగలకు ఉంచితిమి. పంపునకు 5.08 పిచ్ గలదియే, రెండుముక్కలుగా విడివడునది తెచ్చితిమి. ఒక ముక్క పలకపై నుండును, రెండవది తీగతో వచ్చును. మరమేకు విప్పకయే పలకను బయటికి తీయవచ్చును. లోపలి పట్టును కూడ చూచితిమి. కొన్ని చౌకపెట్టెలలో మరమేకు కొనయే తీగపై తిరుగుచు పోగులను కోయును. కొన్నింట నడుమ సన్నని రేకుండును. మంచివానిలో మరమేకు త్రిప్పినకొలది చిన్న లోహపు చట్రము పైకి లేచి తీగను అదిమిపట్టును. చట్రముగలదానిని తీసికొంటిమి.

తీసికొని, దానిలోను తప్పు చేసితిమి. ఆ చట్రము సగము లేచియున్నప్పుడు తీగను దూర్చినచో తీగ చట్రములోనికి గాక దాని క్రిందికి పోవును. మరమేకు గట్టిగా బిగిసినట్లే చేతికి తోచును. తీగ మాత్రము ఎవరి పట్టునందును ఉండదు. అందుచే ముందు మరమేకును ఎడమకు త్రిప్పి చట్రమును అడుగుదాక దింపి, తీగ దూర్చి, బిగించి, తీగను లాగి చూడవలెను. ఈ లాగుట మేము మఱచితిమి. బాలుడు లాగెను, తీగ వచ్చెను. అతడు నవ్వు నాపుకొనుట చూచి మా ప్రాణము తేలికపడినది.

బిగింపునకును మితి కలదు. ఎం 3 కొలత మరమేకునకు సాధారణముగా చెప్పునది అర న్యూటను మీటరు. పది సెంటీమీటర్ల కమ్మికొనను అరకిలో బరువు వ్రేలాడదీసినంత. బలవంతులగు పదవ తరగతివారు దీనికి నాలుగురెట్లు త్రిప్పి ప్లాస్టిక్కును పగులగొట్టుదురు.

ఆ పంపు వేసవి సెలవులు దాటినది, ఈ యేటి క్రిస్మసు సెలవులును దాటినది. ఈ డిసెంబరులో సెలవులకు ముందటి సాయంకాలము తోటవైపు పోవుచు, పెట్టె మూత తెఱచియుండుట చూచితిమి. ఆ బాలుడు ఇప్పుడు పదవ తరగతి. పరీక్షల యేడు గనుక సంఘమునకు రానక్కఱలేదు. అయినను స్క్రూడ్రైవరు పట్టుకొని, ప్రక్కన ఆఱవ తరగతి చిన్నవానిని కూర్చుండబెట్టుకొని, ఒక్కొక్క తీగను లాగి చూచుచుండెను. "సీసం ఎందుకు పుయ్యకూడదన్నా?" అని చిన్నవాడు అడుగగా కెల్విను లెక్క చెప్పుచుండెను, బెల్లపుదిమ్మను గూర్చియు చెప్పెను. మేము వెనుక నిలిచి వినుచుంటిమి. కొంతసేపటికి తలయెత్తి, "మాస్టారూ, వెలుతురుకు అడ్డం వస్తున్నారండీ" అనెను.

మేము ప్రక్కకు జరిగితిమి.